కేళీలు ఏరినట్టు పిల్లల్ని ఏరలేం

మీ ప్రశ్న – పిల్లల డాక్టరు జవాబు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ఒకచోట పెట్టి చూస్తే సగం పైగా జీన్ ఎడిటింగ్, అంటే కణాల్లో ఉండే జీన్‌ని కోసి మార్చడం గురించే ఉన్నాయి. ఎక్కడో అమెరికాలో జరిగేది కదా, మనవాళ్లు ఎవరడుగుతారులే అనుకునేదాన్ని, కానీ రాజోలు నుంచి తణుకు దాకా ఇంతమంది ఇళ్లల్లో దీని గురించే మాట్లాడుకుంటున్నారు. కొన్ని ఉత్తరాలు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు నాకు. అందుకని జ్వరాలు, టీకాలు, అన్నం తినని పిల్లల సంగతులు వచ్చే నెలకి జరిపేసి ఈసారి మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. పేర్లు ఎవరివీ వేయట్లేదు, ఊరు చాలు.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారమండి. మా బాబుకి ఏడేళ్లు, తలసీమియా మేజర్ అన్నారు. తొమ్మిదో నెల నుంచి రక్తం ఎక్కిస్తున్నాం, ఇరవై రోజులకొకసారి కాకినాడ తీసుకెళ్తాం. పెద్దమ్మాయికి పదకొండు, దానికేం లేదు. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వీడియో పంపాడు, జీన్ ఎడిటింగ్ అంట, ఒక్కసారి చేస్తే ఇంక రక్తం అక్కర్లేదంట. మాకు ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది, అమ్మేద్దాం అంటున్నారు మా ఆయన. అమ్మమంటారా?
– రాజోలు దగ్గర లంక ఊరు

జవాబు: అమ్మా, తోట అమ్మకండి. ఈ ఒక్క మాట మీ ఆయనకి ఇవాళే చెప్పండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

మీ తమ్ముడు పంపిన దాంట్లో విషయం అబద్ధం కాదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఒక రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టిన కొన్ని నెలలకి అది ఆగిపోయి పెద్దవాళ్ల రకం మొదలవుతుంది, మీ బాబుకి ఆ రెండో రకమే సరిగ్గా తయారవదు, తలసీమియా అంటే అదే, అందుకే పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నవాడు ఆర్నెల్లు దాటాక పాలిపోయి పాలు తాగకుండా ఊరికే ఏడుస్తూ ఉండి ఉంటాడు. ఆ మొదటి రకాన్ని ఆపేసే జీన్ ఒకటి ఉంది, బీసీఎల్11ఏ అంటారు, మన కాలవ మీద లాకు తలుపు లాంటిది అనుకోండి. పుట్టాక ఆ తలుపు దిగిపోతుంది, పాత కాలవ ఎండిపోతుంది. ఈ కొత్త వైద్యంలో ఏం చేస్తారంటే, రక్తాన్ని తయారుచేసే మూలకణాల్ని రోగి ఒంట్లోంచే తీసి, ల్యాబ్‌లో క్రిస్పర్ అనే కత్తెరతో రక్తకణాల్లో ఆ తలుపు దిగకుండా చేసి మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు, అప్పుడు పసితనపు హిమోగ్లోబిన్ మళ్లీ పారుతుంది. ఈ కత్తెర అసలు బ్యాక్టీరియాది, వాటి మీదకొచ్చే వైరస్‌ని తుంచెయ్యడానికి వాడుకుంటాయి, దాన్ని మనకి కావల్సిన చోట కోసేలా మార్చుకోవచ్చని 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంటియే అని ఇద్దరు ఆడవాళ్లు చూపించారు, 2020లో కెమిస్ట్రీ నోబెల్ వాళ్లిద్దరికే వచ్చింది. క్యాస్‌జెవీ పేరుతో ఈ వైద్యానికి 2023 నవంబరులో బ్రిటన్‌లో, తలసీమియాకి 2024 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. తలసీమియా ట్రయల్‌లో చాలినంత కాలం గమనించిన 35 మందిలో 32 మందికి ఏడాది పైగా రక్తం ఎక్కించాల్సిన పని పడలేదు.

ఆ లెక్క మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు తిరిగినంత పనైంది. పాతికేళ్లుగా ఈ పిల్లల్ని చూస్తున్నాను. రక్తం తగ్గిపోయిన రోజు బెడ్ మీద వాలిపోయి అమ్మ కొంగు పట్టుకుని ఉంటారు, పెదాలు తెల్లగా పాలిపోయి. నర్సు నరం దొరక్క రెండు చేతులూ వెతుకుతుంటే ఆ ఏడేళ్ల పిల్లాడే చెయ్యి చాపి, ఇక్కడ పొడవండి ఇక్కడైతే దొరుకుతుంది అని వేలు పెట్టి చూపిస్తాడు. నాలుగు గంటలు బొట్టు బొట్టుగా దిగాక అదే పిల్లాడు మెట్లు రెండేసి దూకుతూ దిగి వెళ్లిపోతాడు, మళ్లీ ఇరవై రోజులకి అదే బెడ్. కాబట్టి ఈ వైద్యం రావాలని మీకంటే నేను తక్కువేం కోరుకోవట్లేదు.

కానీ అక్కడ అనుమతి వచ్చినప్పుడు చెప్పిన ధర 22 లక్షల డాలర్లు, అప్పటి లెక్కన మన డబ్బుల్లో 18 కోట్లకి పైమాటే. మీ తోటే కాదమ్మా, ఆ చుట్టుపక్కల తోటలన్నీ కలిపి అమ్మినా తూగదు. అనుమతి కూడా మొదట 12 ఏళ్లు నిండినవాళ్లకే ఇచ్చారు. పైగా మార్చిన కణాలు నిలబడాలంటే ముందు ఒంట్లో ఉన్న ఎముక మూలుగుని కీమో మందుతో ఖాళీ చేయాలి, జుట్టు రాలుతుంది, నోరంతా పుండ్లు పడుతుంది, వారాల తరబడి ఎవరూ తాకకుండా ఆస్పత్రి గదిలో ఉండాలి, రేపు పెద్దయ్యాక వాళ్లకి పిల్లలు పుట్టడంలో ఇబ్బంది కూడా రావచ్చు. వీడియోల్లో ఆ సంగతులు ఉండవు.

ఇంకో భయం కూడా ఉంది నాకు, అందుకే తోట అమ్మొద్దని ముందే చెప్పాను. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం పొలం అమ్మేసి ఎక్కడో స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేయించుకొచ్చారు, చేసినవాళ్లు ఎడిటింగ్ అన్నారో థెరపీ అన్నారో వాళ్లకే తెలీదు, చేతిలో ఒక రంగుల బ్రోచర్ తప్ప ఒక్క రిపోర్టు లేదు. మూడు వారాలకి పిల్లాడి హిమోగ్లోబిన్ మళ్లీ ఆరుకి పడిపోయింది. ఆ నాన్న నా ఎదురుగా కూర్చుని ఏమీ మాట్లాడలేదు, బ్రోచర్‌ని మడతపెడుతూ విప్పుతూ అలాగే ఉన్నాడు చాలాసేపు. ఇప్పుడు క్రిస్పర్ అనే పేరు వాడి డబ్బులు గుంజేవాళ్లు బయల్దేరతారు, ఎవరైనా ఫోన్‌లో మాట్లాడి అడ్వాన్స్ పంపమంటే ఆ నంబరు బ్లాక్ చేసేయండి.

మీరు చేయాల్సింది వేరే ఉంది. పెద్దమ్మాయి మూలుగు బాబుకి సరిపోతుందో చూసే హెచ్‌ఎల్‌ఏ మ్యాచింగ్ చేయించారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. తోడబుట్టినవాళ్లతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, కలిస్తే ఎముక మూలుగు మార్పిడి చేయొచ్చు, అది ఎప్పట్నుంచో ఉన్న వైద్యమే, చిన్న వయసులో చేస్తే ఫలితం బాగుంటుంది. కోల్ ఇండియా డబ్బుతో నడిచే తలసీమియా బాల సేవా యోజన అని ఒకటుంది, మ్యాచ్ అయిన పిల్లలకి 10 లక్షల దాకా సాయం వస్తుంది, వేలూరు సీఎంసీ ఆ లిస్టులో ఉంది, వయసు ఆదాయం షరతులు ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకండి. అలాగే ఐరన్ తీసేసే మాత్ర రోజూ వేస్తున్నారా? రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఐరన్ గుండెలోనూ లివర్‌లోనూ పేరుకుంటుంది, వాంతులవుతున్నాయని చాలామంది అమ్మలు ఆ మాత్ర ఆపేస్తారు, అది ఆపకండి, ఒంట్లో ఐరన్ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష మూడు నెలలకోసారి చేయించండి. రేపు జీన్ ఎడిటింగ్ మనదాకా వచ్చిన రోజు దాన్ని తట్టుకునే గుండె, లివర్ ఉండాలి కదమ్మా బాబుకి. రాష్ట్ర ప్రభుత్వం తలసీమియా పింఛను కూడా ఇస్తుంది, రాకపోతే సచివాలయంలో అడగండి.

ప్రశ్న: మా మేనమామ కూతురితో నాకు సంబంధం ఖాయం అయింది. మా అక్క కొడుకు తలసీమియాతోనే పోయాడు. ఇంట్లోవాళ్లు ఇప్పుడు జీన్ ఎడిటింగ్ వచ్చేసింది భయం లేదు అంటున్నారు.
– భీమవరం

జవాబు: ముహూర్తం పెట్టుకునే ముందు మీరిద్దరూ తలసీమియా జీన్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకోండి. వెయ్యి రూపాయలు అటూ ఇటూ అవుతుంది. మీ అక్కగారి బాబుకి వచ్చిందంటే అక్క క్యారియరే, తనకి జబ్బు లేకుండా ఆ జీన్ మోసే మనిషన్నమాట, కాబట్టి మీకూ అది ఉండే అవకాశం గట్టిగానే ఉంది, మేనమామ కూతురికి కూడా అదే జీన్ రావచ్చు. మేనరికం జబ్బుని పుట్టించదు, కానీ ఒకే ఇంటి జీన్ రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం పెంచుతుంది. ఇద్దరిలో ఒక్కరే క్యారియర్ అయితే పిల్లలకి జబ్బు రాదు. ఇద్దరూ అయితే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు రిస్క్, ఒకసారి వచ్చింది కాబట్టి రెండోసారి రాదులే అనుకోవడానికి లేదు, ప్రతిసారీ అదే లెక్క. అలాంటప్పుడు పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం, చేసుకుంటే పదకొండు పన్నెండు వారాలకే గర్భంలో పరీక్ష చేయించుకునే దారి ఉంది. పరీక్ష ఆ అమ్మాయికి చెప్పకుండా చేయించకండి, ఆమె జీవితం కూడా ఇది.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మన మార్టేరు 1010ని ఢిల్లీలో జీను మార్చి కొత్త వరి చేశారని పేపర్లో చదివానండి. వరికి చేసినప్పుడు మనిషికి చేస్తే తప్పేముంది, జబ్బుల్లేని పిల్లలు పుడతారు కదండీ? నాకు అరవై ఎనిమిదేళ్లు, నలభై ఏళ్ల వ్యవసాయం.
– పెనుమంట్ర మండలం

జవాబు: బాబాయ్ గారూ, మీరు చదివింది నిజమే. 2025 మే 4న రెండు ఎడిటెడ్ వరి రకాలు ప్రకటించారు, సాంబ మసూరి నుంచి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థవాళ్లు చేసిన కమల ఒకటి, కాటన్‌దొర సన్నాలు అంటే మన 1010 నుంచి ఢిల్లీ పూసా వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు చేసిన పూసా డీఎస్టీ రైస్ 1 ఇంకొకటి, ఎద్దడినీ ఉప్పునీ తట్టుకుంటుందని. కాలవ చివరి పొలాల్లో చౌడుతో చచ్చేవాళ్లకి అలాంటి రకం ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీరు వ్యవసాయం చేసినవారు కాబట్టి మీ భాషలోనే చెప్తాను. మా నాన్న విత్తనానికి స్వర్ణ వేసేవారు. ఈనిక టైములో మమ్మల్ని పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి చేలో నడిపించేవారు, చేతికి వెన్ను తగులుతుంటే దురద, కాళ్ల కింద బురద, ఏ మొక్కైనా మిగతావాటికంటే ఎత్తు పెరిగినా, ముందే ఈనినా, గింజ వేరేలా ఉన్నా అది కేళీ. వేళ్లతో సహా పీకి గట్టు మీద పడేయడమే. సాయంత్రానికి గట్టంతా ఎండిపోయిన కేళీలు ఉండేవి. కేళీలు ఏరకపోతే ఆ చేను విత్తనానికి పనికిరాదు.

వరిలో జీను మార్చడం కూడా అంతేనండి. వందల మొక్కల్లో ప్రయత్నం చేస్తారు, కత్తెర సరైన చోట పడనివి, ఇంకో చోట కూడా కోసేసినవి, ఎదగనివి అన్నీ తీసేసి మంచిది ఒక్కటి పట్టుకుంటారు, దాన్ని మళ్లీ సార్వా, దాళ్వా వేసి చూస్తారు. తప్పు జరిగిన మొక్క గట్టు మీదకి వెళ్తుంది, ఎవరూ ఏడవరు. మనిషి పిండంలో అదే కత్తెర వాడితే అదే తప్పులు జరుగుతాయి, అనుకున్న చోట కాకుండా పక్కన కోయొచ్చు, కొన్ని కణాల్లో మారి కొన్నిట్లో మారకపోవచ్చు, పెద్ద ముక్కే ఎగిరిపోవచ్చు. అక్కడ కేళీ అంటే ఎవరండీ? ఒక బిడ్డ. పుట్టి, పేరు పెట్టించుకుని, బడికెళ్లే బిడ్డ. ఆ బిడ్డ పిల్లలకి, వాళ్ల పిల్లలకి కూడా ఆ తప్పు వెళ్తుంది. విత్తనం పాడైతే వచ్చే సార్వాకి మార్టేరు వెళ్లి కొత్త బస్తా తెచ్చుకుంటారు మీరు. మనుషులకి ఆ బస్తా లేదు కదండీ.

పై ఉత్తరంలో రాజోలు బాబుది వేరు. వాడు పుట్టి ఉన్నాడు, జబ్బుతో ఉన్నాడు, వాడి రక్తకణాల్లో చేసిన మార్పు వాడితోనే ఆగిపోతుంది. 2025లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో కేజే అని పసివాడికి అలాగే చేశారు, ఒంట్లో అమ్మోనియా పేరుకుపోయే చాలా అరుదైన జబ్బు, 13 లక్షల మందిలో ఒకరికి వచ్చేది, వాడి ఒక్కడి కోసమే ఆరు నెలల్లో మందు తయారుచేసి లివర్‌లోకి పంపారు, వాడు ఇంటికెళ్లాడు. దానికి నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతాను. పిండం దగ్గరే గీత గీయాలంటాను.

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ బయోటెక్ సెకండియర్. చైనాలో ఎడిటెడ్ బేబీస్ చేసిన సైంటిస్ట్‌ని జైల్లో పెట్టారు. హెచ్‌ఐవీ రాకూడదనే కదా చేశాడు, మంచి ఉద్దేశమే కదా?
– అమలాపురం

జవాబు: ఉద్దేశం గురించి నాకు తెలీదమ్మాయ్, చేసింది మాత్రం వివరంగా బయటికొచ్చింది. హే జియాంకుయి అనే ఆయన షెన్‌జెన్‌లో పనిచేసేవాడు. 2018 నవంబరులో లులు, నానా అని మారుపేర్లతో కవల ఆడపిల్లల గురించి ప్రకటించాడు, తర్వాత మూడో బిడ్డ కూడా పుట్టింది. సీసీఆర్5 అనే జీన్ చెడగొడితే హెచ్‌ఐవీలో ఎక్కువ రకాలు కణంలోకి దూరలేవు, యూరప్‌లో కొంతమందికి పుట్టుకతోనే అలా ఉంటుంది, అదే తయారుచేద్దామనుకున్నాడు.

ఇప్పుడు నువ్వు బయోటెక్ స్టూడెంట్‌వి కాబట్టి అడుగుతున్నా, ఆ పిల్లలకి జబ్బు ఉందా? లేదు. హెచ్‌ఐవీ ఉన్నది నాన్నకి, వీర్యాన్ని శుభ్రం చేసి వాడితే బిడ్డకి రాకుండా చూసే పద్ధతి అప్పటికే ఉంది. అంటే అవసరమే లేని చోట కత్తెర పెట్టాడు. పైగా యూరప్‌వాళ్లకి ఉన్న మార్పు ఇది కాదు, ఆయన చేసింది ప్రపంచంలో ఎవరిలోనూ చూడని కొత్త మార్పులు, ఒక పాపలో ఒక కాపీయే మారింది, కణాలన్నిట్లో ఒకేలా కూడా లేదు. సీసీఆర్5 ఊరికే లేదు మన ఒంట్లో, అది లేనివాళ్లకి వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ముదిరిపోతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి పేపర్లు ఫోర్జరీ చేశారని కోర్టు తేల్చింది, 2019 డిసెంబరులో మూడేళ్ల జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా వేసింది. ఆయన 2022లో బయటికొచ్చేశాడు. ఆ పిల్లలు మాత్రం ఏ జ్వరం వచ్చినా ఇది దానివల్లేనా అని భయపడే డాక్టర్ల మధ్య పెరగాలి. వాళ్లని ఎవరడిగారు? నాకు ఈ కథలో మనసుకి పట్టుకుని వదలనిది ఆ ప్రశ్నే.

మన దేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2019 గైడ్‌లైన్స్ ప్రకారం తరతరాలకి వెళ్లే జీన్ మార్పు నిషేధం. నువ్వు ఈ చదువు వదలకు. ఒంటి కణాల్లో చేసే ఎడిటింగ్ చవగ్గా చేయగలిగేవాళ్లు మనకి చాలామంది కావాలి.

ప్రశ్న: మా మిసెస్‌కి ఐవీఎఫ్ ప్లాన్ చేస్తున్నాం. ఎటూ ల్యాబ్‌లోనే కదా అవుతుంది, ఫెయిర్‌గా, హైట్‌గా, మంచి బ్రెయిన్‌తో పుట్టేలా ఎడిట్ చేయించడానికి ఏ కంట్రీ వెళ్లాలి? డబ్బుకి ప్రాబ్లం లేదు, మాకు చెరువులున్నాయి.
– తణుకు

జవాబు: ఏ దేశమూ వెళ్లక్కర్లేదండి, ఎందుకంటే అలాంటి వైద్యం ఎక్కడా లేదు. ఎత్తు సంగతే తీసుకోండి, 2022లో 54 లక్షల మంది డీఎన్‌ఏ చూసి లెక్కవేస్తే ఎత్తుకి సంబంధం ఉన్న చోట్లు 12 వేలు దాటాయి. ఒక్కోటి వెంట్రుకవాసంత తేడా తెస్తుంది. తెలివికి ఇంకా చిక్కు. తలసీమియా అయితే ఒక్క జీన్‌లో తప్పు, కత్తెర ఎక్కడ పెట్టాలో తెలుసు. ఎవరైనా మీకు తెలివైన బిడ్డ ప్యాకేజీ అని అమ్మితే అది మోసం.

కానీ మీరు అడిగిందాన్ని అక్కడితో వదిలేయలేను. రేపెప్పుడో అది సాధ్యం అయినా నేను వద్దనే అంటాను, ఎందుకో చెప్తా. నేను చదువుకునే రోజుల్లో స్కానింగ్ మిషన్ కొత్తగా మన టౌన్లలోకి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందా, ఎదుగుతోందా, ఉమ్మనీరు ఉందా చూసుకోవడానికి వచ్చిన మిషన్ అది, ఎన్నో కాన్పులు కాపాడింది. అదే మిషన్‌తో ఆడపిల్లని పసిగట్టి చంపేశారు. 1994లో చట్టం తెచ్చి లింగ నిర్ధారణ నేరం అన్నారు, అయినా దేశం మొత్తం మీద ఆరేళ్ల లోపు వెయ్యి మంది మగపిల్లలకి 1991లో 945 మంది ఆడపిల్లలుంటే 2001కి 927కి పడిపోయారు. ఆ చేసినవాళ్లు రాక్షసులేం కాదండీ, మనింటి పక్కవాళ్లే, బిడ్డ భవిష్యత్తు కోసమే అనుకున్నారు. తెలుపు కావాలి, పొడుగు కావాలి అనే మాట పెళ్లిచూపుల్లో ఎంత మంది అమ్మాయిల్ని ఏడిపించిందో మనకి తెలీదా? ఇప్పుడు అదే మాటని పిండం దాకా తీసుకెళ్తే, డబ్బున్నవాళ్ల పిల్లలు ఒక రకం, లేనివాళ్ల పిల్లలు ఇంకో రకం అని పుట్టకముందే రాసేసినట్టవుతుంది. అటు రాజోలులో ఆ తల్లి బిడ్డ రక్తం కోసం తోట అమ్ముదామా అని అడుగుతోంది, ఈ కత్తెర ముందు ఎవరికి అందాలో మీరే చెప్పండి.

ఐవీఎఫ్‌కి వెళ్తున్నారు కాబట్టి ఒక్క సలహా. మీ ఇద్దరి కుటుంబాల్లో ఏదైనా వంశపారంపర్య జబ్బు ఉంటే ముందే డాక్టరుకి చెప్పండి, అలాంటివాటికి పిండాన్ని పరీక్ష చేసి జబ్బు లేనిది ఎంచుకునే పద్ధతి మన చట్టంలోనే ఉంది. పుట్టే బిడ్డ నల్లగా పుట్టినా పొట్టిగా పుట్టినా మీ చేతుల్లోకి వచ్చిన రోజు మీకు ఇదంతా గుర్తుండదు, పాతికేళ్లుగా లేబర్ రూమ్ బయట నాన్నల మొహాలు చూసి చెప్తున్న మాట ఇది.

ప్రశ్న: నాకు పుట్టుకతో వినపడదు. సైగలతోనే చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను. ఈ ఎడిటింగ్ అంతా మాలాంటివాళ్లు ఇంక పుట్టకూడదని చెప్పడమేనా?
– పాలకొల్లు

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మేము డాక్టర్లం లోపం, డిఫెక్ట్ అనే మాటలు ఎంత తేలిగ్గా వాడేస్తామో మీరు రాశాకే నాకు తగిలింది, పైన రాసిన జవాబుల్లో అలాంటి మాటలు వెతికి మార్చుకున్నాను కూడా. ప్రాణం తీసే జబ్బుకి వైద్యం వేరు, మీలాగ బతుకుతున్న మనిషిని చూసి ఇలా పుట్టకుండా ఉంటే బాగుండేది అనడం వేరు. ఏది జబ్బో ఏది మనిషి తీరో తేల్చే కమిటీల్లో డాక్టర్లు, లాయర్లే కాకుండా మీరు కూడా కూర్చోవాలి. చెవిటి పిల్లలున్న అమ్మానాన్నలు నా దగ్గరికి వస్తే సైగల భాష నేర్చుకోండని ఇకనుంచి మొదటి రోజే చెప్తాను, ఇంతవరకూ చెవి మిషన్ గురించే చెప్పేదాన్ని.

ప్రశ్న: మేడమ్, మాది చింతూరు వైపు, కోయవాళ్లం. రాజమండ్రి హాస్టల్‌లో ఉండి చదువుతున్నా. నాకు సికిల్ సెల్ ఉంది. మా జబ్బుకి ఇండియాలోనే ఎడిటింగ్ మందు వస్తోంది, ముందు ట్రైబల్స్‌కే ఇస్తారు అంటున్నారు. సంతోషించాలా భయపడాలా తెలీట్లేదు.
– రాజమహేంద్రవరం

జవాబు: రెండూ ఉండటం న్యాయమే తల్లీ.

సంతోషం ఎందుకంటే, 2025 నవంబరులో ఢిల్లీలో జీన్ల పరిశోధన చేసే ఐజీఐబీ శాస్త్రవేత్తలు సికిల్ సెల్‌కి, అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే ఈ జబ్బుకి, మన దేశంలోనే తయారుచేసిన క్రిస్పర్ వైద్యాన్ని ఆదివాసీ నాయకుడు బిర్సా ముండా గారి పేరు మీద బిర్సా 101 అని ప్రకటించారు. విదేశాల్లో కోట్లల్లో ఉన్నదాన్ని మనకి అందే ధరకి తేవాలన్నదే వాళ్ల ప్రయత్నం. మనుషుల మీద పరీక్షలన్నీ దాటి రావాలి, కాబట్టి రేపు ఉదయానికి హాస్టల్‌కి వచ్చేది కాదు. అయినా ఇన్నాళ్లూ అడవి జబ్బు అని ఎవరూ పట్టించుకోని జబ్బుకి మనవాళ్లు కూర్చుని మందు చేస్తున్నారంటే నాకు చాలా ఆనందంగా ఉంది. ఇంకో మాట, ఈ జీన్ మీ వాళ్లకి శాపంగా రాలేదు. ఒక్క కాపీ ఉన్నవాళ్లకి మలేరియా ప్రాణం మీదకి రాకుండా అది అడ్డుపడింది, మలేరియా అడవుల్లో మీ ముత్తాతల్ని బతికించింది అదే. రెండు కాపీలు కలిసినవాళ్లకే ఈ నొప్పులు.

భయానికీ కారణం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా ఏజెన్సీలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు ఒకటి నడిచింది. హాస్టల్ పిల్లల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని, ఏమిస్తున్నారో ఇళ్లల్లో తెలీదని గొడవై 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ ఆ అనుమతులు తీసుకున్న తీరుని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, నా బిడ్డకి కూడా వేయించాను, అడగకుండా చేయడమే తప్పు. అది జరిగింది మీకు దగ్గర్లోనే.

అందుకని రేపు ఎవరైనా ట్రయల్ అని నీ దగ్గరికి వస్తే కాగితం నీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, మీ అమ్మకి కోయలో చెప్పగలిగే మనిషి పక్కన ఉండాలి. మూలుగు ఖాళీ చేసే కీమో ఉంటుందా, తర్వాత పిల్లలు పుట్టే అవకాశం పోకుండా ముందే ఏం దాస్తారు, ఏదైనా తేడా వస్తే ఖర్చు ఎవరిది, ఎన్నేళ్లు నన్ను చూస్తారు, మధ్యలో వద్దంటే వదిలేస్తారా, ఇవన్నీ అడుగు. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర సంతకం పెట్టకు. నీ బదులు వార్డెన్ గారు కాదు కదా, నేను పెట్టినా ఒప్పుకోకు.

అప్పటిదాకా ఈ నొప్పులు రావడం తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్ర నీకు రాశారా, రాస్తే రోజూ వేసుకుంటున్నావా? సెలవులకి ఊరెళ్లినప్పుడు చాలామంది పిల్లలు ఆపేస్తారు, రెండు నెలలకి సరిపడా ముందే తీసుకుని వెళ్లు. సికిల్ కార్డు బ్యాగులోనే ఉంచుకో, నొప్పి వచ్చి ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందు అది చూపించు. ఒంట్లో నీళ్లు తగ్గితే నొప్పి వస్తుంది నీకు, రాజమండ్రి ఎండలు తెలుసు కదా, నీళ్ల బాటిల్ లేకుండా క్లాసుకి వెళ్లకు.